కుందేలుకు మందు పట్టడం ఎలా?

"తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అని మన పెద్దలు చెప్పే సామెత అందరికీ తెలిసిందే. మొండిగా వాదించేవాళ్లను ఉద్దేశించి ఈ మాట అంటారు. అయితే కుందేలును నిజంగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని నోట్లో ఒక్క మిల్లీలీటరు మందు పోయాలని చూసినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. మొండితనంలో మనిషి కుందేలుకు సాటిరాడు.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది ఇళ్లలో గొర్రెలు, మేకలు, కోళ్లు ఉంటాయి. ఈమధ్య సంతల్లో తెల్ల కుందేళ్లు కొని తెచ్చుకుని ముచ్చటగా పెంచుకునే పిల్లలు కూడా పెరిగారు. ఆరోగ్యంగా ఉన్నంత కాలం వాటితో ఇబ్బంది లేదు. జబ్బు చేసినప్పుడే కష్టం. డాక్టరుగారు మందు రాసి ఇస్తారు, సీసా ఇంటికి వస్తుంది. కానీ సీసాలోని మందు కుందేలు కడుపులోకి వెళ్లదు. సగం తువ్వాలు మీద, సగం మన చొక్కా మీద పడుతుంది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణానికే ముప్పు వస్తుంది.

కుందేలుకు హాని జరగకుండా, మందు వృథా కాకుండా, సరైన మోతాదు లోపలికి వెళ్లేలా చేయడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఏ జబ్బుకు ఏ మందు అన్నది పశువైద్యులు నిర్ణయించవలసిన విషయం. వారు రాసిన మందును ఎలా పట్టాలన్నదే మన విషయం.

పెంపుడు కుందేలు – అడవి చెవులపిల్లి

మన చేలల్లో, బీళ్లలో తిరిగే బూడిద రంగు చెవులపిల్లి, ఇంట్లో పెంచుకునే కుందేలు ఒకటి కావు. పెంపుడు కుందేలు శాస్త్రీయ నామం ఒరిక్టోలాగస్ కునిక్యులస్. దీని పూర్వీకులు ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలకు చెందినవి. మన చెవులపిల్లి పేరు లెపస్ నైగ్రికోలిస్. పెంపుడు కుందేలు పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా వెంట్రుకలతో, కళ్లు తెరిచి పుడతాయి. చెవులపిల్లి వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. కావున దాన్ని పట్టి తెచ్చి పెంచుకోకూడదు. ఈ పాఠం పెంపుడు కుందేలుకు సంబంధించినది మాత్రమే.

ఎందుకు మొరాయిస్తుంది?

కుందేలు వేటకు గురయ్యే జంతువు. కుక్క, నక్క, గద్ద, పిల్లి అన్నీ దానికి శత్రువులే. పైనుంచి ఏదైనా వచ్చి పట్టుకుంటే అది తన చివరి క్షణమని దాని శరీరానికి పుట్టుకతోనే తెలుసు. మనం ప్రేమతో ఎత్తుకున్నా దానికి గద్ద గుర్తుకొస్తుంది. అందుచేత వెనుక కాళ్లతో తన్నుతుంది, గోళ్లతో గీరుతుంది, ఒక్కోసారి కొరుకుతుంది. అది పొగరు అనుకోకండి, భయం.

రెండో కారణం రుచి. చాలా మందులు చేదుగా ఉంటాయి. కుందేలుకు ఆకుల్లో మంచిచెడ్డలు రుచిని బట్టి, వాసనను బట్టి తెలుస్తాయి. కొత్త వాసన వస్తే మూతి తిప్పుకుంటుంది.

మూడో కారణం నొప్పి. పళ్లలో పుండు ఉన్నా, కడుపు ఉబ్బరించినా నోటి దగ్గరకు ఏది తెచ్చినా ఒప్పుకోదు. పైగా కుందేలు తన జబ్బును బయటపడనివ్వదు. నీరసించిన జంతువునే శత్రువు ముందు పట్టుకుంటుంది కదా! మనకు జబ్బు కనిపించే సరికే అది ముదిరి ఉండవచ్చు. మందును రేపటికి వాయిదా వేయకూడదనడానికి కారణం ఇదే.

శరీర నిర్మాణంలో గుర్తుంచుకోవలసిన ఐదు సంగతులు

1. కుందేలు ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తుంది. మన ఊళ్లలో చిన్నపిల్లలకు ముక్కు మూసి ఆముదం తాగించే అలవాటు ఉండేది. పిల్లలకే అది మంచిది కాదు, కుందేలుకైతే ప్రాణాంతకం. దాని ముక్కును ఎప్పుడూ మూయకూడదు.

2. కుందేలు వాంతి చేసుకోలేదు. ఎక్కువైన మందును బయటికి కక్కే దారి దానికి లేదు. అందుకే మోతాదు తప్పకూడదు.

3. కుందేలుకు మొత్తం 28 పళ్లు. ముందు కుంతకాలు, వెనుక అగ్రచర్వణకాలు, చర్వణకాలు ఉంటాయి. రదనికలు ఉండవు. కుంతకాలకు, వెనుక పళ్లకు మధ్య ఖాళీ ఉంటుంది. దీన్ని జంతుశాస్త్రంలో డయాస్టిమా అంటారు. మందు పట్టడానికి ఆ ఖాళీయే మనకు వాకిలి. పళ్లు తెరిపించవలసిన పనే లేదు.

4. కుందేలు ఎముకలు చాలా తేలిక. అస్థిపంజరం మొత్తం శరీర బరువులో సుమారు 7 నుంచి 8 శాతమే. వెనుక కాళ్ల కండరాలు మాత్రం చాలా బలమైనవి. వెనుక భాగానికి ఆసరా లేకుండా ఎత్తినప్పుడు గట్టిగా తన్నితే దాని నడుము ఎముక అదే విరగ్గొట్టుకోగలదు. అలా విరిగితే వెనుక కాళ్లు పడిపోతాయి.

5. కుందేలు పేగుల్లో అంధనాళం పెద్దది. అందులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి జీర్ణం చేస్తాయి. కుందేలు గట్టి పెంటికలతో పాటు, అంధనాళం నుంచి వచ్చే మెత్తటి ముద్దలను కూడా విసర్జిస్తుంది. ఈ ముద్దలను అది తిరిగి తింటుంది. ఇది దాని సహజ అలవాటు, జబ్బు కాదు. ఆ సూక్ష్మజీవులు చనిపోతే కుందేలు బతకడం కష్టం.

మోతాదు లెక్క

ఇక్కడ మన ఏడో తరగతి గణితం పనికొస్తుంది. మోతాదు తెలియాలంటే మూడు అంకెలు కావాలి. ఒకటి, కుందేలు బరువు. రెండు, కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాముల మందు అని డాక్టరు చెప్పిన అంకె. మూడు, సీసా మీద రాసిన మందు సాంద్రత.

బరువు ఉజ్జాయింపుగా చెప్పకండి. కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటా మీద ముందు ఖాళీ బుట్టను తూచండి. తరువాత కుందేలుతో సహా తూచి, బుట్ట బరువు తీసివేయండి.

ఉదాహరణకు కుందేలు బరువు 1.8 కిలోలు. కిలోకు 4 మి.గ్రా. చొప్పున ఇవ్వమన్నారు. సీసా మీద "ప్రతి 5 మి.లీ.లో 50 మి.గ్రా." అని ఉంది.

కావలసిన మందు: 1.8 × 4 = 7.2 మి.గ్రా.
ఒక మి.లీ.లో ఉన్న మందు: 50 ÷ 5 = 10 మి.గ్రా.
పట్టవలసిన పరిమాణం: 7.2 ÷ 10 = 0.72 మి.లీ.

చుక్క పెట్టే చోటు తప్పి 7.2 మి.లీ. పోస్తే పది రెట్లు ఎక్కువ అవుతుంది. పరీక్షలో దశాంశ బిందువు తప్పితే ఒక మార్కు పోతుంది, ఇక్కడ ఒక ప్రాణం పోతుంది. అలాగే "5 మి.లీ.లో 50" అన్నదాన్ని "ఒక మి.లీ.లో 50" అని చదివితే మందు ఐదో వంతే వెళ్తుంది, జబ్బు తగ్గదు. పై అంకెలు లెక్క నేర్చుకోవడం కోసం ఇచ్చినవి, ఏ మందుకూ చెప్పినవి కావు. మీరు వేసిన లెక్కను డాక్టరుగారికి గానీ, ఆసుపత్రి కాంపౌండరుకు గానీ చూపించి సరిచూసుకోండి.

కొలవడానికి సూది తీసివేసిన 1 మి.లీ. సిరంజి వాడాలి. ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో ఉంటాయి, పనికిరావు. ఇన్సులిన్ సిరంజి కూడా వాడకండి. దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి. ఒక రకంలో 40 యూనిట్లు ఒక మి.లీ.కి సమానం, ఇంకో రకంలో 100 యూనిట్లు సమానం. తికమకకు అవకాశం ఎక్కువ. సీసా అడుగున మందు పేరుకుంటే ప్రతిసారీ బాగా కలిపిన తరువాతే సిరంజిలోకి తీయాలి.

మందు పట్టే పద్ధతి

గొర్రెలకు, ఎద్దులకు మూతి పైకెత్తి వెదురు గొట్టంతో మందు పోయడం మనం చూశాం. ఆ పద్ధతి కుందేలుకు పనికిరాదు. తల పైకెత్తితే మందు ఊపిరి గొట్టంలోకి జారి న్యుమోనియా రావచ్చు. ఈ క్రింది వరుస పాటించండి.

1. కుందేలును ఎత్తకముందే అన్నీ సిద్ధం చేసుకోండి. మందు నింపిన సిరంజి, పాత తువ్వాలు, దానికి ఇష్టమైన కొత్తిమీర రెమ్మ చేతికి అందేలా ఉండాలి. కుందేలును పట్టుకుని సిరంజి కోసం వెతకడం మొదలుపెడితే అది తప్పించుకుంటుంది.

2. నేల మీద చాప పరిచి కూర్చోండి. బల్ల మీద నుంచి దూకితే కాళ్లు విరుగుతాయి. గది తలుపు మూసి, కుక్కను, చిన్నపిల్లలను బయటికి పంపండి.

3. ఒక చేయి ముందు కాళ్ల వెనుక ఛాతీ కింద, రెండో చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తండి. సంతలో అమ్మేవాళ్లు చెవులు పట్టి ఎత్తడం చూసే ఉంటారు. అది చాలా తప్పు. చెవుల నిండా రక్తనాళాలు ఉంటాయి. వేడిని బయటికి పంపేవి కూడా చెవులే.

4. తువ్వాలు పరిచి దాని మధ్యలో కుందేలును కూర్చోబెట్టండి. ఒక పక్క అంచును ఒంటి మీదుగా తెచ్చి కిందికి దోపండి. తరువాత రెండో పక్క, ఆ తరువాత వెనుక భాగం. పసిపిల్లను పొత్తిళ్లలో చుట్టినట్టు తల మాత్రం బయటికి ఉండాలి. ముందు కాళ్లు లోపలే ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచండి. మన ఎండాకాలంలో మందపాటి తువ్వాలు వద్దు, పాత నూలు లుంగీ గుడ్డ చాలు. కుందేలు వేడికి తట్టుకోలేదు. పని కాగానే విప్పేయండి.

5. కుందేలు వీపు మీ పొట్టకు ఆనేలా, దాని ముఖం అవతలికి ఉండేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఎడమ చేత్తో తలను మెల్లగా ఆపండి. తల నేలకు సమాంతరంగా ఉండాలి.

6. సిరంజి కొనను నోటి పక్క నుంచి, ముందు పళ్ల వెనుక ఉన్న ఖాళీలోకి జార్చండి. కొన గొంతు వైపు చూడకూడదు, అవతలి చెంప వైపు చూడాలి.

7. ఒకేసారి 0.2 మి.లీ. మించకుండా పోసి ఆగండి. దవడ ఆడించి మింగుతుంది. మింగిన తరువాతే మళ్లీ కొంచెం. 0.72 మి.లీ. మందును నాలుగు విడతల్లో పట్టవచ్చు.

8. దగ్గినా, ముక్కులోంచి మందు వచ్చినా వెంటనే ఆపండి. తల కొంచెం కిందికి ఉండేలా చేసి తేరుకోనివ్వండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

9. పూర్తయ్యాక మూతి తుడిచి, కొత్తిమీర రెమ్మ ఇచ్చి, నుదురు నిమిరి వదలండి. రేపు మళ్లీ మీ దగ్గరకు రావాలంటే ఈ చివరి మెట్టే ముఖ్యం.

ఇద్దరు ఉంటే పని తేలిక. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పోయాలి. ఇద్దరూ గట్టిగా మాట్లాడకూడదు. కుందేలు మరీ గింజుకుంటే కాసేపు వదిలి, అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి.

కొందరు కుందేలును వెల్లకిలా పడుకోబెడతారు. అలా చేస్తే కదలకుండా ఉండిపోతుంది. అది నిద్ర కాదు, హాయి కాదు. భయంతో బిగుసుకుపోవడం. ఆ స్థితిలో నోట్లో మందు పోయడం మరీ ప్రమాదం.

మందు ఉమ్మేస్తే మొత్తం డోసు మళ్లీ పోయకండి. ఎంత మింగిందో మనకు తెలియదు కదా! ఉమ్మేసిన సంగతి పుస్తకంలో రాసి, డాక్టరుగారిని అడిగి చేయండి.

ఇష్టంగా తినేలా చేయవచ్చా?

చాలాసార్లు చేయవచ్చు. బొటనవేలి గోరంత అరటిపండు ముక్కను మెదిపి, అందులో మందు కలిపి పెడితే కొన్ని కుందేళ్లు వెంటనే నాకేస్తాయి. కొన్నింటికి తులసి ఆకు, కొత్తిమీర ఆకు మీద పూసి ఇస్తే చాలు. అయితే కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి.

తీపి ఎక్కువైతే పేగుల్లోని సూక్ష్మజీవుల సమతుల్యత చెడుతుంది. కాబట్టి గోరంత మించకూడదు. మందును మొత్తం మేతలో కలపకండి. చేదు తగిలి మేతే మానేస్తే అసలుకే మోసం వస్తుంది. డాక్టరు చెప్తే తప్ప తాగే నీళ్లలోనూ కలపకండి. జబ్బు కుందేలు నీళ్లు తక్కువ తాగుతుంది, ఎంత మందు వెళ్లిందో లెక్క ఉండదు. పాలు, పెరుగులో కలపడం వద్దు. కొన్ని యాంటీబయాటిక్‌లను పాలలోని కాల్షియం పట్టి ఉంచి పనిచేయనివ్వదు.

మాత్ర ఇస్తే, దాన్ని పొడి చేయవచ్చో లేదో ముందు అడగండి. చేయవచ్చంటే రెండు చెంచాల మధ్య నలిపి, కొద్ది నీళ్లలో కలిపి సిరంజితో పట్టండి. మాత్రను వేలితో గొంతులోకి తోయకండి.

చెవిలో గజ్జి వస్తే లోపల పొరలు పొరలుగా పొక్కు కడుతుంది. చుక్కలు వేయడానికి ముందు ఆ పొక్కును పీకకండి. కింద పచ్చి చర్మం ఉంటుంది, విపరీతమైన నొప్పి. పురుగు చచ్చిన కొద్దీ పొక్కు దానంతట అదే రాలిపోతుంది. ఒంటికి పూసే మందును కుందేలు నాకేస్తుంది. కావున ఎంత పలుచగా రాయాలో, నాకితే ఏమవుతుందో డాక్టరును అడిగి తెలుసుకోండి.

కుందేలుకు ఇవ్వకూడనివి

మన ఇళ్లలో మిగిలిపోయిన మాత్రలు దాచుకునే అలవాటు ఉంది. "మనిషికి పనిచేసింది, కుందేలుకు చేయదా?" అనుకోవద్దు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ వంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి. వాటి స్థానంలో క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. విరేచనాలు పట్టుకుని కుందేలు చనిపోతుంది. లింకోమైసిన్, క్లిండామైసిన్ కూడా ఇలాంటివే.

కుక్కల గోమార్లకు చల్లే ఫిప్రోనిల్ మందు కుందేలుకు విషం. కుక్కకు చల్లగా మిగిలింది కదా అని దీనికి చల్లకండి. ఇంజెక్షన్లు ఇంట్లో మనంతట మనం చేయకూడదు.

మందుకు ముందు కుందేలును పస్తు పెట్టవద్దు. వాంతి చేసుకోలేని జంతువు కాబట్టి పరగడుపు అవసరం ఉండదు. గడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, మోతాదు, తిన్న మేత, పెంటికలు అని ఐదు గళ్లు గీసి రాయండి. రోజుకు రెండుసార్లు అంటే సుమారు పన్నెండు గంటల తేడా అని అర్థం. ఉదయం ఆరుకు ఇస్తే సాయంత్రం ఆరుకు ఇవ్వాలి. మీరు హాస్టల్లో ఉండి, కుందేలు ఇంటి దగ్గర ఉంటే తమ్ముడికో చెల్లెలికో ఈ పుస్తకం అప్పగించండి. రెండు రోజులకు తేరుకుంది కదా అని మధ్యలో ఆపకండి, డాక్టరు చెప్పిన రోజులన్నీ ఇవ్వండి.

ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి: పన్నెండు గంటలుగా ఏమీ తినకపోవడం, పెంటికలు ఆగిపోవడం, ముడుచుకుని కూర్చుని పళ్లు కొరకడం, నీళ్ల విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, తల ఒక పక్కకు వాలిపోవడం. మేత ఆగితే పేగుల కదలిక ఆగుతుంది. పేగు ఆగితే కుందేలు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. దగ్గరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరు ఉంది.

మన ఆరోగ్యం కూడా

కుందేలు గజ్జి పురుగు మనిషి చర్మం మీద ఎక్కువ కాలం బతకదు కానీ దురద పుట్టిస్తుంది. తామర మాత్రం కుందేలు నుంచి మనిషికి సులభంగా అంటుతుంది. మందు పట్టిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కుందేలుకు వాడిన తువ్వాలు వేరుగా ఉంచి, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. సెలవుల నుంచి తిరిగి వచ్చాక దురద ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వార్డెన్‌గారికి చెప్పండి. ఒకే గదిలో పదిమంది పడుకునే చోట ఒకరి దురద అందరిదీ అవుతుంది.

ముగింపు

ఈ పని బాగా చేయగలిగిన విద్యార్థికి పశువైద్యం మీద ఆసక్తి కలిగితే దారులు ఉన్నాయి. పదో తరగతి తరువాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్‌లో బై.పి.సి. చదివినవాళ్లకు ఐదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ ఉంది. మందలు కాసిన ఇళ్లలో పుట్టి, మూగజీవాల కష్టం దగ్గరగా చూసిన మన పిల్లలకు ఈ చదువులు కొత్తవేమీ కావు.

మందు చేదని కుందేలుకు తెలుసు, అది మేలు చేస్తుందని మనకు తెలుసు. ఈ రెండు తెలివిడుల మధ్య ఉన్న దూరాన్ని బలంతో దాటలేం. మెత్తటి చేయి, సరైన లెక్క, ఒక కొత్తిమీర రెమ్మ ఉంటే దాటగలం.

అభ్యాసం

1. కుందేలుకు మందు పట్టేటప్పుడు తల ఎందుకు పైకెత్తకూడదు?
2. డయాస్టిమా అంటే ఏమిటి? అది మనకు ఎలా ఉపయోగపడుతుంది?
3. 2.5 కిలోల కుందేలుకు కిలోకు 4 మి.గ్రా. చొప్పున మందు కావాలి. సీసాలో 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే ఎన్ని మి.లీ. పట్టాలి?
4. మిగిలిపోయిన అమాక్సిసిలిన్ మాత్రను కుందేలుకు ఎందుకు ఇవ్వకూడదు?

మూడో ప్రశ్నకు జవాబు: 0.5 మి.లీ.